అష్టనాయికల్లో లేని ప్రయాణికురాలు

వచ్చే నవంబరులో జపాను వెళ్ళాలనుకుంటున్నాను. దేశం దాటడం ఇదే మొదటిసారి. వీసా దరఖాస్తుతో పాటు ఒక పట్టిక కూడా నింపి ఇవ్వాలన్నారు. తేదీ, ఆ రోజు చేయబోయే పని, ఫోను నంబరు, రాత్రి బస అని నాలుగు గళ్ళు. డిగ్రీ పిల్లలకి ముప్పై మూడేళ్ళు తెలుగు చెప్పి రిటైరయినదాన్ని. ఏ కాగితం చేతికొచ్చినా దాన్నొక రచనలాగా చదివే అలవాటు ఇంకా పోలేదు. తేదీలు రాసేశాను. బసలూ రాసేశాను. రెండో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. పదిరోజులు అక్కడ నేనేం చేస్తాను? 'చూస్తాను' అని రాయొచ్చా? పది గళ్ళలోనూ 'చూస్తాను' అనే రాస్తే ఆ ఆఫీసులో వాళ్ళు ఏమనుకుంటారు?

ఆ గడి అడిగిన ప్రశ్న నాకు కొత్తదేం కాదు. రెండు నెలలుగా అందరూ అడుగుతున్నదే. టికెట్లు చూసిపెట్టే కుర్రాడు మొట్టమొదట "సార్ రావట్లేదా మేడం?" అన్నాడు. రావట్లేదన్నాను. "అక్కడ మీవాళ్ళెవరైనా ఉన్నారా?" లేరన్నాను. "మరి దేనికి మేడం?" అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు. పాపం, నిజంగానే అర్థం కాలేదు. నా పెన్షను కాగితాలూ నా పేరు మీదున్న డిపాజిట్టూ చూపిస్తే, "ఇవి సరిపోతాయి గానీ సార్ స్టేట్‌మెంటు కూడా పెడితే సేఫ్" అన్నాడు. పక్కింటావిడా అదే అడిగింది. మా అమ్మ కూడా అడిగింది. అమ్మ అడిగిన తీరు వేరు, దాని గురించి తర్వాత చెబుతాను.

తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు నుంచి ఆడవాళ్ళు విమానం ఎక్కరని కాదు. నాతో పనిచేసిన వాళ్ళలో సగం మంది అమెరికా వెళ్ళొచ్చారు. కూతురి పురుటికొకసారి, కోడలి పురుటికొకసారి, పిల్లవాణ్ణి చూసుకోవడానికి ఆరునెలలు. ఆవకాయ, కారప్పొడి, మెంతులు, వాము, పసిబిడ్డకి ఉగ్గుగిన్నె సర్దుకుని సగం భూగోళం చుట్టి ఒక వంటింట్లోంచి మరో వంటింట్లోకి వెళ్తారు. వాళ్ళని ఎవరూ 'దేనికి' అని అడగరు. ఆ ప్రయాణాల మీద మన రచయిత్రులు మంచి కథలే రాశారు. నా వెతుకులాట ఇంకొకదాని కోసం. పనిలేకుండా, పిలుపు లేకుండా, ఎవరి కోసమూ కాకుండా ఒక చోటికి వెళ్ళాలనుకునే స్త్రీ మన సాహిత్యంలో ఎక్కడుంది? వెళ్ళి రావడం సరే, అది తర్వాతి మాట. వెళ్ళబోయే రోజు కోసం ఎదురుచూస్తూ, లోలోపల సంబరపడుతూ, చీటీల మీద లెక్కలు వేసుకుంటూ ఉండే ఆ స్త్రీ ఎక్కడుంది?

ఎదురుచూపు అనగానే మన అలంకారశాస్త్రానికి ఆడదే గుర్తొస్తుంది. అష్టవిధ నాయికల పాఠం ఏటా చెప్పేదాన్ని. ఇల్లూ ఒళ్ళూ అలంకరించుకుని ప్రియుడి కోసం చూసేది వాసకసజ్జిక. అతను రావడం ఆలస్యమైతే తపించేది విరహోత్కంఠిత. సంకేతస్థలంలో అతను కనబడక మోసపోయింది విప్రలబ్ధ. మగడు దేశాంతరం పోతే చిక్కిపోయేది ప్రోషితభర్తృక. ఈ లెక్కలో దేశాంతరం అనేది మగవాడు వెళ్ళే చోటు. ఆడది గడపలో నిలబడి దాన్ని ఊహించుకుంటుంది. గడప దాటే నాయిక ఒకర్తి ఉంది, అభిసారిక. చీకట్లో, వానలో, పాములకి వెరవకుండా వెళుతుంది. అయితే ఆ ధైర్యమంతా ఒక మగవాడి దగ్గరికి చేరడానికే. ఆ దారిలో ఆమె ఒక చెట్టు దగ్గర ఆగి, ఇదేం చెట్టో అని చూసినట్టు ఏ కవీ రాయలేదు. తన ప్రయాణం కోసం తానే ఎదురుచూసే నాయిక ఈ ఎనిమిదిమందిలో లేదు. ముప్పై మూడేళ్ళలో ఒక్క అమ్మాయీ నన్ను ఆ సంగతి అడగలేదు. నాకే తట్టనప్పుడు వాళ్ళననడం ఎందుకు?

సరే, కావ్యాలు వదిలేద్దాం. యాత్రాసాహిత్యం మనకి పుష్కలంగా ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. ఆయన రాసిన 'కాశీయాత్ర చరిత్ర'లో బోయీలు, డేరాలు, దినుసులు, దారిలో దొరికేవీ దొరకనివీ అన్నీ ఉన్నాయి. ప్రయాణ సన్నాహం ఎంత పెద్ద పనో తెలిసిన మనిషి. వెంట సుమారు వందమంది పరివారం. అందులో ఇంటి ఆడవాళ్ళూ ఉన్నారు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ సమానం అనుకునే రోజుల్లో ఆ ఆడవాళ్ళు ఏం మూట కట్టుకున్నారో, పల్లకి తెర సందులోంచి ఏం చూశారో ఆ పుస్తకం చెప్పదు. దాని తర్వాత 1876లో మద్రాసులో పోతం జానకమ్మ ఇంగ్లండు ప్రయాణం ఇంగ్లీషులో అచ్చయింది. తెలుగు నుంచి అనువదించిందని పుస్తకం మీదే ఉంది. అంటే ఒక తెలుగు స్త్రీ నూటయాభై ఏళ్ళ కిందటే సముద్రం దాటి వచ్చి, చూసింది రాసింది. మన సాహిత్య చరిత్రలు ఆమెకి ఎన్ని వాక్యాలిచ్చాయో మీకే తెలుసు. నాయని కృష్ణకుమారి తన విద్యార్థినులను వెంటబెట్టుకుని వెళ్ళి రాసిన 'కాశ్మీర దీపకళిక' నాకు చాలా ఇష్టమైన పుస్తకం. అక్కడా ప్రయాణానికి ఒక అండ ఉంది. అది ఉద్యోగం, పిల్లల విహారయాత్ర.

ఇవన్నీ మళ్ళీ తిరగేస్తుంటే ఒక సంగతి తోచింది. మగవాళ్ళ యాత్రా రచన సాధారణంగా రైలు కదలడంతో మొదలవుతుంది. అంతకుముందు జరిగింది వాళ్ళ దృష్టిలో రాయదగ్గ విషయం కాదు. స్త్రీల విషయంలో అసలు కథంతా రైలు కదలకముందే జరిగిపోతుంది. ఒప్పించడం, డబ్బు కూడబెట్టడం, ఇంట్లో వాళ్ళకి తాను లేని రోజుల ఏర్పాటు చేయడం, 'దేనికి' అన్నదానికి జవాబు తయారుచేసుకోవడం. ఈ భాగాన్ని రచయిత్రులు కూడా రాయకుండా దాటేయడం చూస్తే నాకు కాస్త కోపం వస్తుంది. మెడలో గొలుసు తీసి బీరువాలో పెట్టినట్టు, ఆ రోజుల్ని ఎక్కడో లోపల పెట్టి తాళం వేసేస్తారు.

వేయని ఒకావిడ ఉంది. జపాను గురించి దొరికినవి చదువుతుంటే తగిలింది. హరిప్రభా తకెదా, ఢాకా అమ్మాయి. బ్రహ్మసమాజం కుటుంబం. ఢాకాలో సబ్బుల ఫ్యాక్టరీలో పనిచేసే జపాను యువకుణ్ణి పెళ్ళి చేసుకుంది. 1912 నవంబరులో భర్తతో కలిసి బయల్దేరి, కలకత్తాలో ఓడెక్కి, డిసెంబరుకి జపాను చేరింది. నాలుగు నెలలు అత్తగారింట్లో ఉండి వచ్చింది. 1915లో 'బంగమహిళార్ జపాన్ జాత్రా' అని చిన్న పుస్తకం వేసింది. టాగూరు జపాను వెళ్ళింది 1916లో. ఆ లెక్కన ఈమెదే ముందు. నేను చదివింది ఇంగ్లీషు అనువాదం.

ఆ పుస్తకం మొదలుపెట్టడమే నన్ను పట్టేసింది. తనకి పెళ్ళయినప్పుడు తాను జపాను వెళ్తుందని ఎవరూ అనుకోలేదని, తన కోరిక మాత్రం బలంగా ఉందని రాస్తుంది. ఎవరూ అనుకోలేదు, నాకుంది. రెండు ముక్కల్లో ఎంత చెప్పింది! ఆ తర్వాత వెంటనే ఆ కోరికకి మర్యాదైన ముసుగు వేస్తుంది, అత్తమామల్ని చూడాలని. అది అబద్ధమని నేననను. చూడాలని ఉండే ఉంటుంది. కానీ ఓడలోనూ ఊళ్ళలోనూ ఆమె కళ్ళు పరిగెత్తే తీరు చూస్తే అత్తమామల దగ్గరే ఆగిపోయే కళ్ళు కావవి. దుకాణాలు, స్నానాలు, వంట, కోడళ్ళు చేసే చాకిరీ అన్నీ చూసింది. తనని చూడ్డానికి గుంపులు గుంపులుగా వచ్చిన జనాన్ని తానూ చూసింది. కొందరు విమర్శకులు ఆమెని ఆదర్శ కోడలిగా చదువుతారు. అది సగమే. పెళ్ళి ఆమెకి దొరికిన పాసుపోర్టు. ఆ కాలంలో ఆమె చూపించగలిగిన కాగితం అదొక్కటే. అత్తారిల్లు అనే మాటని ఇంత తెలివిగా వాడుకున్న స్త్రీని నేను ఇంకెక్కడా చదవలేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆమె మళ్ళీ జపానులోనే ఉంది. టోక్యో నుంచి ఆజాద్ హింద్ రేడియోలో బెంగాలీ వార్తలు చదివింది. అది వేరే కథ.

ఆమె పట్టిచ్చిన దారిలోనే జపాను స్త్రీల రచనల్లోకి వెళ్ళాను. అక్కడ నా తొమ్మిదో నాయిక దొరికింది. వయసు పదమూడు.

1020వ సంవత్సరం. రాజధానికి చాలా దూరంగా, తూర్పున కజుసా అనే సీమలో ఒక అధికారి కూతురు. పేరు ఎవరికీ తెలియదు. తకసుయె కూతురు అనే సాహిత్య చరిత్రలు పిలుస్తాయి. ఫలానావారి అమ్మాయి అనే పిలుపు మనకి అలవాటైనదే. ఆమె రాసిన పుస్తకం 'సరషినా నిక్కి'. సవతి తల్లీ అక్కా సాయంత్రాలు కూర్చుని గెంజి కథలోంచి ముక్కలు ముక్కలుగా, గుర్తున్నంత మేరకు చెబుతుంటే ఈ పిల్ల ప్రాణం కొట్టుకుపోతుంది. కథ మొత్తం కావాలి. మొత్తం దొరికేది రాజధానిలో. అందుకని తనంత ఎత్తు బుద్ధ విగ్రహం ఒకటి చేయించి, ఎవరూ లేనప్పుడు చేతులు కడుక్కుని గదిలో దూరి, నన్ను తొందరగా రాజధానికి పంపు, అక్కడున్న కథలన్నీ చదవనివ్వు అని సాగిలపడి మొక్కుతుంది. మోక్షం అడగదు, మొగుణ్ణీ అడగదు. చివరికి తండ్రి ఉద్యోగం ముగిసి అందరూ బయల్దేరే రోజు వస్తుంది. సామాను తీసేసిన ఖాళీ ఇంట్లో ఆ విగ్రహం ఒంటరిగా నిలబడి ఉండడం బండిలోంచి చూసి ఎవరికీ తెలియకుండా ఏడుస్తుంది. మూడునెలల ప్రయాణం. రాజధాని చేరిన మరుసటేడు ఒక బంధువు గెంజి కథ సంపుటాలన్నీ పెట్టెతో సహా ఇస్తుంది.

తొమ్మిది గజాల చీర కట్టుకున్నా, పన్నెండు పొరల పట్టుబట్టలు కట్టుకున్నా ఆ పదమూడేళ్ళ పిల్ల ఎవరో మనందరికీ తెలుసు. మా ఊళ్ళో గ్రంథాలయం పుస్తకం కోసం రేపల్లె బస్సు వచ్చేదాకా అరుగు మీద కూర్చున్న పిల్ల ఆమే. మాది నిజాంపట్నం. రైలు రేపల్లెతోనే ఆగిపోతుంది. అవతలున్న ప్రపంచమంతా బస్సులోంచి దిగాలి.

పుస్తకంలో ఇంకో ఘట్టం ఉంది. దాని గురించి పాఠకులు అంతగా మాట్లాడరు గానీ నాకదే ముఖ్యం. 1046లో కొత్త చక్రవర్తి పట్టాభిషేక సంబంధమైన పెద్ద ఊరేగింపు. తరానికొక్కసారి వచ్చేది. పల్లెల నుంచి జనం రాజధానికి తోసుకొస్తున్నారు. సరిగ్గా ఆ రోజే ఈమె, అప్పటికి పెళ్ళయి పిల్లల తల్లి, హసె గుడికి యాత్ర బయల్దేరుతుంది. ఊరంతా లోపలికి వస్తుంటే తాను బయటికి. బంధువులు మండిపడతారు. పిచ్చా నీకు, జనం చెప్పుకుని నవ్వుతారు అంటారు. భర్త మాత్రం, నీ ఇష్టం అంటాడు. దారిలో ఎదురొచ్చే గుంపులు ఆమె బండిని చూసి నవ్వుతాయి. ఆమె అదంతా రాసి పెట్టుకుంది.

ఇంగ్లీషు అనువాదంలో ఆ భర్త మాట చదివి పుస్తకం మూసి నవ్వుకున్నాను. మా ఇంట్లో వచ్చిన జవాబు కూడా అక్షరాలా అదే. "నీ ఇష్టం." ఆ మాట అని పేపరు విప్పుకున్నారు. మన భాషలో ఈ రెండు మాటల మీద ఒక పరిశోధన పత్రం రాయొచ్చు. అది అనుమతి అవునా? అవును. బెదిరింపా? కొంచెం. దాని తర్వాత ఏం జరిగినా బాధ్యత నీదే అనే షరతు లోపల ఉంటుంది. కుదిరితే మానుకో అనే ఆశ కూడా ఉంటుంది. మూడో రోజు అన్నం తింటూ, "పది రోజులూ నా బీపీ మాత్రలెవరు చూస్తారు?" అన్నారు. వాటి పెట్టెకి వారాల పేర్లు రాసి ఉన్నాయి. డెబ్బై ఏళ్ళ మనిషికి ఆదివారం తర్వాత సోమవారం వస్తుందని తెలుసు. అయినా నేను ఆ పెట్టె ముందు కూర్చుని రెండు వారాలకి సరిపడా సర్దాను. ఇదీ ప్రయాణ సన్నాహమే, రాయకపోతే ఎట్లా? వెయ్యేళ్ళనాటి ఆ భర్త ఏ గొంతుతో అన్నాడో తెలియజేసేంత శక్తి అనువాదానికి లేదు. ఆమె అయితే వెళ్ళింది.

అదే దేశంలో 1279లో అబుత్సు అనే సన్యాసిని క్యోటో నుంచి కమకురా వెళ్ళింది. కొడుక్కి రావలసిన భూమిని సవతి కొడుకు ఇవ్వకపోతే దావా వేయడానికి. 'ఇజయోయ్ నిక్కి' ఆ ప్రయాణం గురించే. తీర్పు వినకుండానే పోయింది. కొడుకు పేరు చెప్పి దారి పట్టిన ఆమె, అత్తారింటి పేరు చెప్పిన హరిప్రభ, పురుడు పేరు చెప్పే మా కొలీగులు ఒక వరసలో నిలబడతారు. కథలు చదవాలని వెళ్ళిన పిల్ల ఆ వరసలో లేదు.

మన స్త్రీవాద సాహిత్యంలోకి జపాను ఎప్పుడు వచ్చింది అని కూడా ఆలోచించాను. నాకు తెలిసి చెట్టుగా వచ్చింది. అబ్బూరి ఛాయాదేవి 'బోన్‌సాయ్ బ్రతుకు' చదవనివాళ్ళు ఈ పత్రిక పాఠకుల్లో ఉండరు. పల్లెటూరి నుంచి ఢిల్లీలో చెల్లెలింటికి వచ్చిన అక్కయ్య, కుండీలో మరుగుజ్జు చెట్టుని చూసి ఆడదాని బతుకు ఇలాంటిదే అంటుంది. పాఠ్యపుస్తకాల్లోకి కూడా వెళ్ళిన కథ. నేనూ ఎన్నోసార్లు చెప్పాను, చెప్పిన ప్రతిసారీ వెనక బెంచీల్లో ఒకరిద్దరి కళ్ళు తడి కావడం చూశాను. ఆ కథ మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ తర్వాత వచ్చిన మా మీదే ఉంది. ఒక మంచి ప్రతీక దొరికాక దాన్ని యాభై ఏళ్ళు వాడుకున్నాం. కవితల్లో, ఉపన్యాసాల్లో, వ్యాసాల్లో ఎక్కడ చూసినా బోన్‌సాయే. మనకి జపాను అంటే కత్తిరించిన చెట్టు. అక్కడ ఆడవాళ్ళున్నారని, వెయ్యేళ్ళ కిందటే డైరీలు రాసుకున్నారని, మనం టికెట్టు కొని వెళ్ళగలిగే చోటని గుర్తే రాలేదు. 1923 భూకంపం తర్వాత టోక్యో వదిలిపోయిన బోన్‌సాయ్ తోటమాలులు కట్టుకున్న ఊరు ఒమియాలో ఉంది. అక్కడికి వెళ్దామనుకుంటున్నాను. ప్రతీకని తప్పని నిరూపించడానికి కాదు. ఇన్నేళ్ళు దాని గురించి పాఠం చెప్పి ఒక్కసారీ ఆ చెట్టుని కళ్ళతో చూడకపోవడం బాగాలేదు.

పట్టికలో మరికొన్ని గళ్ళు ఇలాగే నిండాయి. తెలుగులో 'రైలుబడి'గా వచ్చిన తొత్తోచాన్ చదివి పెరిగిన పిల్లలు మనకి వేలమంది ఉన్నారు. ఆ బడి 1945 బాంబు దాడిలో కాలిపోయింది, చూడ్డానికేం లేదు. కానీ ఆ పుస్తకంలోని బొమ్మలు వేసిన ఇవసాకి చిహిరో ఇంటి స్థలంలో టోక్యోలో మ్యూజియం ఉంది. అది రెండో రోజు. తకసుయె కూతురు యాత్రకి వెళ్ళిన ఇషియమ గుడి ఒక రోజు. కోయ కొండ మీద న్యోనిన్‌దో ఒక రోజు. 1872లో ప్రభుత్వం ఆ నిషేధాలు ఎత్తేసేదాకా ఆడవాళ్ళకి ఆ కొండమీద పుణ్యక్షేత్రంలోకి ప్రవేశం లేదు. ఒక్కో దారి మొదట్లో వాళ్ళు ఆగిపోవడానికి ఒక్కో మందిరం ఉండేదట. ఇప్పుడు ఒకటే మిగిలింది. నారా వైపు ఒమినె కొండ మీదికి ఇప్పటికీ రానివ్వరు. శబరిమల తీర్పు వచ్చిన 2018లో మన టీవీల ముందు కూర్చుని ఏం విన్నామో గుర్తున్నవాళ్ళకి ఇందులో వింతేం ఉండదు. నాకు లోపలి గుళ్ళకన్నా ఆగిపోయినవాళ్ళు కూర్చున్న ఆ గది చూడాలని ఉంది. వారం రోజుల రైలు పాసు 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకి పెరిగింది. రూపాయల్లోకి మార్చుకుని, ఆ డబ్బుకి అమ్మ షెడ్డులో ఎన్ని గంపలు ఒలవాల్సి వచ్చేదో లెక్క వేయబోయి మానేశాను.

అమ్మ సంగతి చెప్పాలి. ఎనభై రెండేళ్ళు. నిజాంపట్నంలోనే తమ్ముడి దగ్గర ఉంటుంది. మా నాన్న వేటకెళ్ళేవాడు. అమ్మ ఎండుచేపలు తట్టలో పెట్టుకుని ఊళ్ళమీద అమ్మేది. తర్వాత ఐసు పెట్టెలూ లారీలూ వచ్చాక రొయ్యల షెడ్డులో చేరింది. తలకాయ తీయడం, కౌంటు ప్రకారం వేరుచేయడం. ఐసునీళ్ళలో చేతులు పెట్టీ పెట్టీ వేళ్ళ చివర్లు తెల్లగా పాచిపోయి ఉండేవి. రాత్రి కొబ్బరినూనె రాసుకుని, అన్నం నాచేత కలిపించుకునేది. 1970ల నుంచి 1990ల దాకా మన రొయ్యలకి అన్నిటికంటే పెద్ద కొనుగోలుదారు జపానే. మా ఇంట్లో ఆ మాట దేశం పేరుగా కాక ధర పేరుగా ఉండేది. "జపానోడు కొంటన్నాడంట" అంటే పని దొరుకుతుంది. "జపానోడు వద్దన్నాడంట" అంటే దొరకదు. నేను అట్లాసులో వెతికి చూపిస్తే, "ఇంత చిన్నోడా!" అంది.

రొయ్యలకంటే ముందు బట్టలు వెళ్ళాయి. మా ఊరిని ఐరోపావాళ్ళు పేటపోలి అని రాసుకున్నారు. 1606లో డచ్చివాళ్ళు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు అక్కడ దిగారు. వాళ్ళకి కావలసింది మన ఎర్రరంగు. ఇసక నేలలో పెరిగే చిరివేరు నుంచి వచ్చేది. పేటపోలి చుట్టుపక్కల చిరివేరుని ఆ కాలపు వర్తకులు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. కోరమండలం అద్దకపు బట్టలు డచ్చి ఓడల్లో జపాను దాకా చేరాయి, మొదట హిరాదోకి, 1641 నుంచి దెషిమా లంకకి. 1635లో తన మనుషులు దేశం దాటకూడదని ఆజ్ఞ వేసిన ఆ రాజ్యం మన బట్టలకి మాత్రం ఒక సందు తెరిచి ఉంచింది. వాటిని వాళ్ళు 'సరస' అన్నారు. వినగానే మనకి వేరే మాట గుర్తొచ్చి నవ్వొస్తుంది. తేనీటి వేడుకలు చేసే పెద్దమనుషులు ఆ గుడ్డని అరచేతి ముక్కలుగా కోసుకుని తేయాకు బరిణెలకి సంచులు కుట్టించుకున్నారు. హికొనె ప్రభువుల ఇంట్లో దాచిన 450 ముక్కలు ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. అద్దినవాళ్ళ పేర్లు వర్తకుల లెక్కపుస్తకాల్లో రాయలేదు. ఆ నూలు వడికింది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళ పేర్ల ప్రసక్తే లేదు.

మా తీరం నుంచి అన్నీ వెళ్ళాయి, ఆడవాళ్ళ చేతుల్లోంచే వెళ్ళాయి. ఇలా రాస్తుంటే, నా ప్రయాణానికి ఒక గొప్ప కారణం దొరికేసినట్టుందే అని అనుమానం వచ్చింది. కారణం లేకుండా వెళ్ళే హక్కు గురించి వ్యాసం మొదలుపెట్టి, చరిత్ర పేరు చెప్పి, అమ్మ పేరు చెప్పి మళ్ళీ ఆ వరసలోనే నిలబడ్డానా? హరిప్రభకి అత్తారిల్లు, అబుత్సుకి కొడుకు, నాకు నిజాంపట్నం? ఈ చిక్కు నాకింకా విడలేదు.

పోయిన ఆదివారం ఊరికి వెళ్ళి అమ్మకి చెప్పాను. "యాడికి?" అంది. జపానుకి అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. పాత రోజులేవో తల్చుకుంటోందని నేను కొంచెం బరువుగా కూర్చున్నాను. "ఒక్కదానివేనా? మంచిదే. మీ ఆయనకి కూరలు వొండి ఫ్రిజ్జిలో పెట్టి పో" అంది ముందు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఈణ్ణించి తలకాయలు పీకేసి పంపిచ్చేవోళ్ళం గదా. రుచంతా తలకాయలోనే ఉంటది. తలకాయ లేని రొయ్యని ఎట్టా తింటారో, ఏం రుచని తింటారో చూసి రా. ముప్పయ్యేళ్ళు పీకాను గానీ, ఎవురూ చెప్పలా" అంది.

మూడో రోజు గడిలో రాశాను: ఉదయం మ్యూజియంలో పాత గుడ్డముక్కలు చూడడం, సాయంత్రం రొయ్యలు తినడం. తలకాయల సంగతి కూడా రాద్దామనుకున్నాను గానీ గడిలో చోటు చాల్లేదు.